బూడిద ఎవరు ఊడుస్తరు బిడ్డా?

వాడ నుంచి ఉత్తరాలు – 17



హాస్టళ్ల మెస్ చార్జీల మీద రెండో భాగం ఈ వారం రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే ఉత్తరానికి జరుపుతున్నాను. ఈసారి ఒక అగ్నిపర్వతం గురించి రాయాలి. నవ్వకండి. లాడ్ బజార్‌లో గాజులు కొనడానికి పోయి అగ్నిపర్వతంతో తిరిగొచ్చాను.

2025 నవంబర్ 24, సోమవారం రాత్రి. మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికి లక్క గాజులు కావాలంటే అమ్మను తీసుకొని చార్మినార్ పోయాను. అమ్మ ఆ బజార్‌ను పంతొమ్మిదేండ్లు ఊడ్చింది. కాంట్రాక్టు కార్మికురాలు. మూడేండ్ల కింద దగ్గు ఎక్కువై మానేసింది. అందుకే లాడ్ బజార్‌లో ఆమెకు దుకాణాల పేర్లు తెలియవు, గడపలు తెలుసు. ఏ గడప ముందు ఎంత చెత్త పడుతుందో ఇప్పటికీ చెప్పగలదు.

మేం కూర్చున్న దుకాణంలో భాయ్ మొహం బాగాలేదు. దుబాయ్ నుంచి రావాల్సిన కొడుకు విమానం రద్దయిందట. ఎందుకంటే ఎక్కడో ఆఫ్రికాలో కొండ పేలింది, ఆ బూడిద మన దేశం మీదికి వస్తున్నది అన్నాడు. ఫోన్‌లో వార్త చూపించాడు. పక్క దుకాణం పిల్లగాడు వచ్చి "ఇక్కడ కూడా పడుతదా?" అని అడిగాడు. నేను చదివింది చెప్పాను: చాలా ఎత్తులో పోతది, కింద పడదు, మనకేం కాదు అని. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"పడితే ఎవరు ఊడుస్తరు బిడ్డా?"

భాయ్ నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్నకు జవాబు.

*

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఇథియోపియాలో అఫార్ అనే ప్రాంతం ఉంది. భూమి పలకలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతున్న చోటు. అక్కడ హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం నవంబర్ 23, ఆదివారం నాడు పేలింది. దాదాపు పన్నెండు వేల ఏండ్లలో అది పేలినట్టు ఆధారం లేదు. బూడిద మేఘం సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఎర్ర సముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా, పాకిస్తాన్ దాటి, సోమవారం రాత్రికి గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ ఆకాశంలోకి వచ్చింది. మంగళవారం సాయంత్రానికల్లా చైనా వైపు పోతుందని మన వాతావరణ శాఖ చెప్పింది.

అగ్నిపర్వతపు బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. అది నుజ్జయిన రాయి, గాజు. ఇంజన్ వేడికి కరిగి లోపల అతుక్కుంటే విమానం ఇంజన్ ఆగిపోతుంది. 1982లో ఇండోనేషియా మీద ఒక బ్రిటిష్ విమానానికి నాలుగు ఇంజన్లూ అలాగే ఆగిపోయాయి, అదృష్టం కొద్దీ మళ్లీ అంటుకున్నాయి. ఆ తర్వాత ప్రపంచం మేల్కొంది. ఇప్పుడు తొమ్మిది కేంద్రాలు భూమి మొత్తాన్ని పంచుకొని, ఎక్కడ బూడిద లేచినా ఏ ఎత్తులో ఏ దిక్కుకు పోతుందో ఎప్పటికప్పుడు చెప్తాయి. అందుకే హైలీ గుబ్బి పేలిన మర్నాడే మన విమానయాన నియంత్రణ సంస్థ అన్ని విమాన సంస్థలకూ సూచనలు పంపింది. దారులు మార్చారు, ఇంజన్లు తనిఖీ చేశారు, కొన్ని విమానాలు ఆపేశారు. ఒక్క ప్రయాణికుడికి దెబ్బ తగలలేదు.

ఇది మంచి పని. వెక్కిరించడానికి చెప్పట్లేదు. ప్రమాదం ముందే తెలిసి, బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టుకుంటే మనుషుల్ని కాపాడొచ్చని ఇది రుజువు చేసింది. ఆ రుజువును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

మరి కొండ కింద ఏం జరిగింది? అఫ్దేరా అనే ఊరు, చుట్టుపక్కల పల్లెలు బూడిదలో మునిగాయి. మనుషులెవరూ చనిపోయినట్టు వార్త రాలేదు. కానీ అక్కడ బతుకు అంటే పశువులు, మేకలు, ఒంటెలు. మేత మీద బూడిద పడితే పశువుకు తిండి లేదు. పశువుకు తిండి లేకపోతే ఆ కుటుంబానికి వచ్చే నెల లేదు. ఈ మాట వార్తల్లో ఒక్క పేరాలో వచ్చి పోయింది. ఢిల్లీ విమానాశ్రయం మాత్రం రెండు రోజులు తెర మీదే ఉంది. ఆకాశంలో ఉన్నంతసేపు బూడిద వార్త, నేల మీద పడ్డాక మాత్రం అది ఎవరి ఖర్మ వాళ్లది.

2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం పేలినప్పుడూ ఇదే. యూరప్ ఆకాశం ఆరు రోజులు మూతపడింది, లక్ష దాకా విమానాలు ఆగాయి. మనం చూసిన ఫోటోలన్నీ విమానాశ్రయంలో పడుకున్న ప్రయాణికులవి. అదే సమయంలో కెన్యాలో పూల తోటల్లో కోసిన పూలు కుళ్లిపోయాయి, వేల మంది రోజు కూలీలను పనిలోకి రావద్దన్నారు. వాళ్ల మీద రవ్వంత బూడిద కూడా పడలేదు. అయినా దెబ్బ వాళ్లకు తగిలింది. లాడ్ బజార్‌లో ఆ భాయ్ కొడుకు దుబాయ్‌లో వారం రోజుల సెలవు మీద బయల్దేరాడు. ఒక రోజు పోతే టికెట్ డబ్బులు తిరిగి రావచ్చు, సెలవు తిరిగి రాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్ పోయిన మన తమ్ముళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

*

"ప్రకృతికి కులం లేదు కదా అన్నా" అని గత వారం ఒక విద్యార్థి నాతో అన్నాడు. నిజమే, లేదు. మన నేలే సాక్ష్యం. నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. దాదాపు 74 వేల ఏండ్ల కింద సుమత్రాలో టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద అక్కడిదాకా వచ్చి పడింది. ఆ లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందంలో ఇప్పటికీ ఉంది. తవ్వి చూసినవాళ్లకు బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పొర పైనా దొరికాయి. అంత పెద్ద ఉపద్రవం తర్వాత కూడా అక్కడ మనుషులు బతికారని, అదే పద్ధతిలో రాళ్లు చెక్కుకున్నారని పరిశోధకులు 2007లో ప్రకటించారు.

ఆ రోజు జ్వాలాపురంలో బూడిద అందరి మీదా పడింది. ఊడ్చే కులం లేదు, ఊడ్పించుకునే కులం లేదు. ఇప్పుడు పడితే? ఇప్పుడు పడితే అది ఊరి మీద ఒక తీరు, వాడ మీద ఒక తీరు పడుతుంది. ప్రకృతికి కులం లేదు కానీ పల్లం ఎవరికి, మిట్ట ఎవరికి అన్నది కులమే తేల్చింది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేలకు వేల మంది పోయారు. పక్కా ఇండ్లున్న వాళ్లకు ఎక్కడానికి మేడ ఉంది. గుడిసెల్లో ఉన్న కూలీలకు ఎక్కడానికి చెట్టు తప్ప ఏముంది?

ఇక్కడ ఒక పాత గొడవ గుర్తుచేయాలి. 1934 జనవరి 15న బీహార్‌లో భారీ భూకంపం వచ్చింది. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని గాంధీ అన్నాడు. టాగూర్ ఒప్పుకోలేదు, ప్రకృతి ఘటనకు నీతి అంటగట్టడం మూఢత్వాన్ని పెంచుతుందని బహిరంగంగా విభేదించాడు. మన వైపు నుంచి ఒక ప్రశ్న మిగిలే ఉంది. అంటరానితనానికి శిక్ష అయితే, కూలిన గోడల కింద అంటరానివాళ్లు ఎందుకు చచ్చిపోయారు? పాపం చేసినోళ్లకూ భరించినోళ్లకూ ఒకటే శిక్షనా? విపత్తును దేవుడి తీర్పు అన్నా, ప్రకృతి తీర్పు అన్నా ఫలితం ఒక్కటే. మనిషి చేసిన పని కనపడకుండా పోతుంది. సాయం ముందు ఎవరికి పోయింది, ఎవరి ఇల్లు లెక్కలో లేదు, శవాలు ఎవరు మోశారు అన్న ప్రశ్నలు అడగడానికి ఎవరూ మిగలరు.

*

అందుకే నేను ఏ విపత్తునైనా మూడు మాటలతో చూస్తాను. హెచ్చరిక, లెక్క, ఊడ్పు.

హెచ్చరిక. 14 కిలోమీటర్ల పైన ఉన్న బూడిదను ఎప్పటికప్పుడు లెక్కించే తెలివి మనిషికి ఉంది. పదడుగుల లోతున్న మ్యాన్‌హోల్‌లో విషవాయువు ఉందా లేదా చెప్పడానికి అంత తెలివి అక్కర్లేదు, చేతిలో పట్టే చిన్న మీటర్ చాలు. 2013లో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. హైదరాబాద్ సన్న గల్లీల కోసం 2017లో డెబ్బై చిన్న జెట్టింగ్ యంత్రాలు వచ్చాయి, వాటిని దళిత యువకులకు ఇచ్చారు, దేశమంతా మెచ్చుకుంది. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు పైకి రాలేదు. యంత్రం ఉన్న నగరంలో, చట్టం ఉన్న దేశంలో. విమానం ఎక్కే మనిషి విలువ, మ్యాన్‌హోల్ దిగే మనిషి విలువ ఒకటే అని ఎవరన్నా అంటే ఈ రెండు ఏర్పాట్లనూ పక్కపక్కన పెట్టి చూపించండి.

లెక్క. లాడ్ బజార్ నుంచి మూసీ నడిచిపోయేంత దూరం. 1908 సెప్టెంబర్ 28న ఆ నది పొంగి సుమారు పదిహేను వేల మందిని తీసుకుపోయింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని మనకు చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది. నిజాం సాయం గురించి చెప్తారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వేసిన ప్రణాళిక, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ గురించి చెప్తారు. అవన్నీ నిజం, గొప్ప పనులే. భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి అప్పటికి రెండేండ్లు. అంటే ఈ నగరంలో మాల మాదిగ వాడలు ఉన్నాయి, వాటికి గొంతు కూడా వస్తున్నది. కానీ బడిలో నాకు చెప్పిన వరద కథలో చెట్టుంది, రాజున్నాడు, ఇంజనీరున్నాడు, వాడ లేదు. బురదలో నుంచి శవాలు తీసిన చేతుల ఊసు లేదు.

నూటపన్నెండేండ్ల తర్వాత, 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో మళ్లీ కుండపోత. పాతబస్తీలో చెరువు కింది బస్తీలన్నీ మునిగాయి. ప్రభుత్వం ఇంటికి పదివేలు ప్రకటించింది. డిసెంబర్ 1న నగరపాలక ఎన్నికలు. ఆ మధ్యలో మీసేవ కేంద్రాల ముందు పొద్దున నుంచి రాత్రి దాకా ఆడవాళ్ల వరుసలు మీరూ చూశారు. ఎన్నికల నియమావళి వచ్చి పంపిణీ మధ్యలోనే ఆగింది. మా బస్తీలో జాబితా రాసిన రోజు మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎందుకంటే అమ్మ ఇంట్లో లేదు, వేరే బస్తీలో బురద ఎత్తుతున్నది. మునిగిన ఇల్లు వదిలి, మునిగిన ఇండ్లు శుభ్రం చేయడానికి పోయినందుకు ఆమె జాబితాలో లేదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. లెక్క రాసేవాడి మనసులో కార్మికురాలు సాయం చేసే మనిషే తప్ప, సాయం కావాల్సిన మనిషి కాదు. అంతే.

2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు ఇండ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు కూడా నాకు ఇదే కనిపించింది. నదిని బాగుచేయొద్దని ఎవరూ అనట్లేదు. కానీ లెక్క మొదలయ్యేది ఇంటి కాగితం నుంచి. కాగితం లేనివాడు, కిరాయికి ఉండేవాడు, రాత్రి పని చేసి పగలు పడుకునేవాడు ఆ లెక్కలోకి ఎలా రావాలి?

ఇక మూడోది, ఊడ్పు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నాగపట్నంలో శవాలు తీయడానికి వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులను తీసుకొచ్చారు. ఎక్కువ మంది దళితులే. చేతులకు సరైన తొడుగులు కూడా లేకుండా రోజుల తరబడి తీశారు. అదే తీరంలో దళితులను సహాయ శిబిరాల్లో కలవనివ్వలేదని, నీళ్ల ట్యాంకు దగ్గరికి రానివ్వలేదని హక్కుల సంఘాలు నివేదికలు రాశాయి. అంటే శవాన్ని ముట్టుకోవడానికి ఆ చెయ్యి కావాలి, నీళ్ల కుండను మాత్రం ఆ చెయ్యి ముట్టుకోవద్దు. అంత పెద్ద సముద్రం ఊళ్లోకొచ్చి పోయినా ఈ ఒక్కటి కొట్టుకుపోలేదు.

*

మళ్లీ లాడ్ బజార్‌కు వస్తాను. అక్కడ కనపడని బూడిద ఒకటుంది. లక్క గాజు చేయాలంటే నిప్పుల మీద లక్క ముద్దను వేడి చేయాలి, మెత్తబడ్డాక సాగదీసి, చుట్టి, కాలుతున్నప్పుడే చిమ్టాతో ఒక్కొక్క రాయీ అద్దాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పత్రంలో గాజు మెరుపు ఉంది. పాతబస్తీ ఇరుకు గదుల్లో పొగ పీల్చుకుంటూ వాటిని చేసే ముస్లిం ఆడవాళ్ల ఊపిరితిత్తుల సంగతి లేదు. 2015 జనవరిలో అదే పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బీహార్ పిల్లలను వందల సంఖ్యలో పోలీసులు బయటికి తెచ్చారు. ఆ పొగ వాళ్లూ పీల్చారు. చల్లారిన బొగ్గు బూడిద, తగరపు పొడి, చమ్కీ, ఊడిన అద్దం ముక్కలు తెల్లారి అమ్మ చీపురు కిందికి వచ్చేవి. రంజాన్ రాత్రుల్లో బజార్ సహర్ దాకా నడిచేది, ఆ తర్వాత అమ్మ పని మొదలయ్యేది. మాస్క్ అడిగితే కాంట్రాక్టర్ "కొంగు లేదా?" అన్నాడు. పంతొమ్మిదేండ్లు కొంగే మాస్క్.

అబద్ధం చెప్పను. ఆ బజార్ మా అమ్మను ఒకే తీరుగా చూడలేదు. ఒక దుకాణంలో కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవాళ్లు. ఇంకో దుకాణంలో పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. మతం మారితే కులం మరిచిపోతుందని ఎవరన్నా అంటే ఆ దోసిలి గుర్తుచేసుకుంటాను. దళితులూ ముస్లింలూ కలవడం కుదరదని ఎవరన్నా అంటే ఆ కుర్చీ గుర్తుచేసుకుంటాను. రెండూ నిజమే.

ఇంకో నిజం నా గురించి. యూనివర్సిటీలో మొదటి ఏడాది అమ్మ ఏం చేస్తుందంటే "చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో" అని చెప్పాను. ఊడ్చేది దుకాణం బయట. గోడ ఒక్కటే తేడా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మనం సభల్లో పేర్లు పెట్టి మాట్లాడే కార్మికులు మన ఇండ్లల్లోనే ఉన్నారు. వాళ్లను దాచిపెట్టుకొని ఉద్యమం చేయలేం.

*

మరి ఏం చేయాలి? కోపం వచ్చి పోయేది, అందుకే పని చెప్తున్నాను.

ఒకటి. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షన్ చదవండి. పరిహారంలో, సహాయంలో లింగం, కులం, సమూహం, వంశం, మతం పేరుతో వివక్ష చూపకూడదని స్పష్టంగా ఉంది. 12వ సెక్షన్ తిండి, నీళ్లు, నీడ, వైద్యం, పారిశుధ్యానికి కనీస ప్రమాణాలు ఉండాలంటుంది. వరద వచ్చాక చదివితే లాభం లేదు. ఎండాకాలంలో చదవాలి.

రెండు. చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలి. సమాచార హక్కు కింద మీ జిల్లాది అడగండి. అందులో పారిశుధ్య కార్మికులు ఎన్నిసార్లు వచ్చారో చూడండి. వాళ్లు "వనరులు" అన్న చోట మాత్రమే ఉంటే, "బాధితులు కాగలవారు" అన్న చోట కూడా రాయమని అర్జీ పెట్టండి. తొడుగులు, మాస్కులు, టీకాలు, డబుల్ కూలీ, వాళ్ల ఇండ్లకు మొదటి విడత సాయం, ఇవన్నీ ముందే రాతపూర్వకంగా ఉండాలి. విమానానికి ముందే రాసిపెట్టారు కదా.

మూడు. సాయం జాబితాను బస్తీలో నలుగురి ముందు, మైకులో చదివించమని పట్టుబట్టండి. పేర్లు బయటికి చదివితే, రానివాళ్లెవరో అక్కడికక్కడే తెలుస్తుంది. పని మీద పోయినవాళ్ల పేరు పక్కింటామె చెప్తుంది.

నాలుగోది మనకు మనం చెప్పుకోవాల్సింది. మనిషి చచ్చాక పరిహారం కోసం ధర్నా చేయడం మనకు బాగా వచ్చు. చావకముందు మీటర్ కోసం, మాస్క్ కోసం ధర్నా చేయడం నేర్చుకోవాలి. ఆ ధర్నాకు ఫోటోలు రావు, నాయకులు రారు. అయినా చేయాలి.

హైలీ గుబ్బి బూడిద మన లాడ్ బజార్ మీద పడలేదు. మంగళవారం రాత్రికి దేశం దాటిపోయింది. భాయ్ కొడుకు రెండు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరాడు, ఫోన్ చేసి చెప్పాడు. బుధవారం పొద్దున అయిదింటికి అమ్మ స్థానంలో చేరిన ఒక చెల్లె ఎప్పట్లాగే మహబూబ్ చౌక్ వైపు నుంచి ఊడ్చుకుంటూ వస్తున్నది. పోయి మాట్లాడాను. ముక్కుకు కొంగు చుట్టుకుంది.

మాస్క్ ఇచ్చారా అని అడిగాను.

"ఎవర్నడగాలె అన్నా?" అన్నది.

పని అక్కడ మొదలుపెడదాం. ఎవరిని అడగాలో ఆమెకు కాగితం మీద రాసి ఇవ్వడం, ఆమెతో పాటు పోయి నిలబడడం. మీ ఊళ్లో, మీ క్యాంపస్‌లో పొద్దున అయిదింటికి ఎవరు ఊడుస్తున్నారో ఒక్కరోజు లేచి చూసి నాకు రాయండి. వచ్చే ఉత్తరంలో హాస్టళ్లతో పాటు మీరు రాసినవీ పెడతాను.

జై భీమ్.